బోలు చప్పుడు

వాగవతలి గుడిసెలకు ఒక కారుంది. ఈ మాట గోదావరిఖని బజారులో చెబితే నవ్వేవాళ్లు. కరెంటు లేదు, నల్లా లేదు, బస్సు రాదు, కారు మాత్రం ఉందట! నవ్వనీ. నవ్విన మగవాళ్లలో ఒక్కడు కూడా నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఎడ్లబండిలో వేసుకుని నడెండలో రైలుకట్ట ఎక్కించి ఉండడు. వాగవతలి వాళ్లు ఎక్కించారు. ఎక్కించి, ఓడిపోయి, ఆ తర్వాతే కారు కొన్నారు.

కారంటే ఏదో ఊహించుకోవద్దు. ఒకప్పుడు ఏ దొరో ఎక్కి ఊరేగిన డాడ్జి. దొరకు మొహం మొత్తాక ఒక సేటు చేతికి వచ్చింది. పెట్రోలు పోయలేక సేటు దాని ఇంజన్ పీకించి, ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజనొకటి అందులో ఇరికించి టాక్సీగా తిప్పాడు. టాక్సీకి కూడా పనికిరాదని తేలాక గుడిసెల సంఘం తెచ్చుకుంది. మొహం దొరది, గొంతు ట్రాక్టరుది. స్టార్టు చేస్తే కోళ్లు ఎగిరి గుడిసెల మీద కూర్చునేవి. అయితేనేం, కాలు విరిగినవాడు, పాము కుట్టినవాడు, కాన్పుకు పోవాల్సిన ఆడది, అందరూ దాంట్లోనే దవాఖానకు పోయారు, దాంట్లోనే తిరిగొచ్చారు.

దాన్ని నడిపేది ముత్యం. బొగ్గుబాయిలో అతను టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. దుంగకూ కప్పుకూ మధ్య సందు మిగిలితే అక్కడ చెక్కచీల పెట్టి సుత్తెతో దిగ్గొడతాడు. ముత్యం కొట్టిన చీల వదులైందని బాయిలో ఎవడూ అనలేదు. అనలేదని ముత్యమే అందరికీ చెప్పేవాడు. మెల్లగా మాట్లాడటం అతనికి చేతకాదు. డ్యూటీ దిగి, నెత్తిన నీళ్లు పోసుకుని, ఇంత తిని కారు దగ్గరికి వస్తే ఆ గొంతు వాగు ఇవతలికి కూడా వినిపించేది.

ఆ ఎండకాలం, ఎరువుల ఫ్యాక్టరీకి పునాదులు తవ్వుతున్న ఏడాది, కారులో కొత్త చప్పుడు పుట్టింది. ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు అంతగా తెలిసేది కాదు. గేరు పడి బండి లాగడం మొదలుపెట్టగానే అడుగు నుంచి ఎవరో గుద్దుతున్నట్టు డొబ్, డొబ్, డొబ్. మిట్ట ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. లోపల కూర్చున్నవాళ్ల కాళ్లకు తగిలేది ఆ దెబ్బ.

మామూలు రోజుల్లో అయితే ఒక చప్పుడు కోసం అంత రంది పడేవాళ్లు కాదు. కానీ పూలమ్మకు నెలలు నిండాయి.

పూలమ్మ ముత్యానికి చెల్లెలు. బొగ్గు నింపే బిక్షం భార్య. తొలిచూలప్పుడు ఎడ్లబండిలో పోయింది ఆమే. రైలుకట్ట మిట్టమీద ఎద్దు మోకాళ్లు ఆనించి కూలబడింది. బండి వెనక్కి జారింది. నలుగురూ చక్రాలు పట్టుకుని నిలబడి ఉండగానే, ఆ మిట్టమీదే, బిడ్డ పుట్టి ఏడవకుండా పోయింది. అప్పుడు బండి చక్రం పట్టుకున్న నలుగురిలో ముత్యం ఒకడు. కారు కొందామని సంఘంలో మొదట గొంతు లేపింది కూడా అతనే.

బసంత్‌నగర్‌లో సిమెంటు లారీలు బాగుచేసే మెకానిక్ సామ్యేల్ ఆ వారంలో ఒకరోజు ఇటుగా పోతూ కారు చప్పుడు విన్నాడు. లారీ దిగకుండానే తల బయటపెట్టి అన్నాడు: "బేరింగు పోయింది, ముత్యమన్నా! ఇగ దాన్ని నడుపకు. ఐతారం వచ్చి ఇంజన్ దించుత." లోపల తిరిగే ఇరుసును, అంటే క్రాంకును, పట్టి ఉంచే బేరింగు అరిగితే ఇట్లాగే కొడుతుంది. అట్లాగే నడిపితే ఎక్కడో ఒకచోట ఇంజన్ బిగుసుకుని నిలబడిపోతుంది. దించితేనేమో బేరింగు హైదరాబాదు నుంచి రావాలి, క్రాంకును లేతు మెషిను మీద సాపు చేయించాలి. అప్పటిదాకా కారు లేనట్టే. పూలమ్మ కాన్పు అప్పటిదాకా ఆగదు.

అదీ సంగతి. చప్పుడు బేరింగుదైతే కారు ఎక్కించడం ప్రమాదం. కాకపోతే కారు విప్పడమే ప్రమాదం. ఏదో ఒకటి తేలాలి.

ఐతారం పొద్దున ప్రార్థన ముగించుకుని సామ్యేల్ సైకిలు మీద పానాల సంచి తగిలించుకుని వచ్చాడు. తెల్లచొక్కా విప్పి పందిరి గుంజకు తగిలించి, సంచిలోంచి నల్లచొక్కా తీసి తొడిగాడు. గుడిసెల వాళ్లంతా కారు చుట్టూ చేరారు. బిక్షం బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. అతని తల్లి సమ్మవ్వ గడపలో కూర్చుని తంబాకు నలుపుతోంది. పూలమ్మ పక్కనే గోడకు వీపు ఆనించి కాళ్లు చాపుకుని ఉంది.

"ఇంజన్ దించుడు లేదు," అన్నాడు ముత్యం, సామ్యేల్ ఇంకా పానా పట్టుకోకముందే.

"అన్నా, నువ్వు బొగ్గుబాయిల దుంగలు పాతుకో. ఇంజన్ సంగతి నాకిడిచిపెట్టు."

"దుంగలు పాతేటోన్ని గాబట్టే చెప్తున్న. చెవి నాది. ఇది లోపలి చప్పుడు గాదు, తమ్మీ. బోలు చప్పుడు."

"బోలు చప్పుడంటే?"

ముత్యం బానెట్ మీద కణుపులతో కొట్టి చూపించాడు. "బాయిల కప్పు కిందికి పోయేముందు ఏం చేస్తం? ఎడమ చెయ్యి కప్పుకానిచ్చి కట్టెతోని కొడతం. కప్పు గట్టిగుంటే గంట మోగినట్టు మోగుతది. పొర ఇడిసిందనుకో, డప్పు పలికినట్టు పలుకుతది. చేతికి అదురు తెలుస్తది. గదే బోలు. ఏదన్న ఒకటి ఇంకోదాన్ని ఇడిసిపెట్టి నిలబడ్డప్పుడే గా చప్పుడు. ఈడ కూడ ఏదో దేన్నో ఇడిసింది. అరిగింది గాదు, ఇరిగింది గాదు, ఇడిసింది."

"బావా," బిక్షం మధ్యలో అందుకున్నాడు, "నీ చెవి నమ్ముకొని పూలమ్మను ఎక్కియ్యాల్నా? ఆ మిట్ట మీద ఇంజన్ పట్టేస్తే? మళ్లొక్కసారి ఆడ నిలబడుడు నాతోని గాదు."  బానెట్ మీద ఒక్కటి చరిచాడు.

"ఇంజన్ ఇప్పితే దేనిమీద పోతది మరి? నీ వీపు మీదనా?"

"మోస్త! వీపు మీదనే మోస్త!"

"కొట్టుకోండ్రి," అంది సమ్మవ్వ గడపలోంచి, "ఇద్దరు కొట్టుకొని కాళ్లిరగ్గొట్టుకుంటే మిమ్ముల కూడ మొయ్యాలె. ఓ సామ్యేలూ, నువ్వు జల్ది ఏందో చూడు కొడుకా. ఈళ్ల నోర్లకు పనిలేదు."

సామ్యేల్ నవ్వాడు. ఒక మంచి గుణం ఉంది అతనిలో. తన మాట నెగ్గాలని ఇంజన్ దించే రకం కాదు. "సరే, ఇనుండ్రి. దించకముందుకే తేల్చుకునే ఉపాయం ఒకటున్నది. స్టార్టు చెయ్యి అన్నా."

ఇంజన్ భళ్లుమని లేచింది. కోళ్లు లేచాయి. సామ్యేల్ పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కాసేపు విన్నాడు. తర్వాత ఇంజన్ ఆపించి, ఆయిల్ నిలిచే ఛాంబర్ కింద బోల్టు వదిలించి చారెడు ఆయిల్ అరచేతిలోకి పట్టాడు. బొగ్గులా నల్లగా ఉంది. తెల్లగుడ్డలో పోసి ఎండకు పెట్టి చూశాడు. బేరింగు అరిగి ఉంటే లోహపు పొడి మెరవాలి, ఎక్కడా మెరవలేదు. బోల్టు బిగించేశాడు.

ఆ తర్వాత ఇంజన్ మళ్లీ స్టార్టు చేయించి, చప్పుడు తెలిసేట్టు రేజు పెంచమని, అసలు పని మొదలుపెట్టాడు. డీజిల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండరుకు ఒక్కో సన్నపైపు నూనె పట్టుకొచ్చి పోస్తుంది. ఆ పైపు నట్టు వదులు చేస్తే నూనె బయటికి చిమ్మి ఆ ఒక్క సిలిండరు పని మానేస్తుంది. మిగతావి నడుస్తాయి. "బేరింగయితే," అన్నాడు సామ్యేల్, "అది ఏ సిలిండరుదో ఆ నట్టు ఇప్పంగనే చప్పుడు తగ్గాలె. అక్కడ దెబ్బ పడుడు ఆగుతదిగా. తగ్గితే నేను గెలిచినట్టు. అప్పుడు ఇంజన్ దించుడే. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట," అన్నాడు ముత్యం. "తగ్గకపోతే?"

"నా నోరు మూసుకుంట."

"మెకానిక్కు నోరు మూసుకున్నది నేనెన్నడు చూడలే. ఇప్పు!"

మొదటి నట్టు వదిలాడు. నూనె చిమ్మింది. ఇంజన్ కుంటడం మొదలుపెట్టింది. అందరూ చెవులు పెట్టి విన్నారు. డొబ్, డొబ్. తగ్గలేదు. ఆ నట్టు బిగించి రెండోది వదిలాడు. తగ్గలేదు. మూడోది వదిలితే ఇంజన్ మరింత ఊగి, చప్పుడు తగ్గకపోగా పెరిగింది. ఆఖరిది కూడా అంతే. ఏ సిలిండరును ఆపినా ఇంజన్ ఒళ్లంతా ఊగడం, ఊగిన కొద్దీ అడుగున గుద్దు పడటం. సామ్యేల్ నట్టు బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకుని, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

"బేరింగు గాదు," అన్నాడు. "లారీల కూసొని ఇన్న. తప్పు ఇన్న."

ముత్యం ఈల వేశాడు. అతను తల తిప్పి గుడిసెలన్నిటికీ వినపడేట్టు అరిచాడు: "ఇన్నరా! చెవి ఎవలది? ముత్యానిది! ఇంజన్ దించుతనని సంచి మోసుకొచ్చిండు బసంత్‌నగర్ డాక్టరు!" నలుగురు చప్పట్లు కొట్టారు. సమ్మవ్వ కూడా తంబాకు నోట్లో పెట్టుకుని నవ్వింది.

సామ్యేల్ మాత్రం నవ్వలేదు. "బేరింగు గాదంటే అయిపోయిందా? మరేంది? నువ్వే చెప్పు. నట్టు ఇప్పినప్పుడల్లా ఎక్కువైంది. ఎందుకు ఎక్కువైంది? ఏందో తెల్వకుండ ఆడమనిషిని ఎక్కిస్తవా?"

ఆ మాటకు చప్పట్లు ఆగాయి. బిక్షం ముత్యం మొహంలోకి చూశాడు. ముత్యం అప్పటికే లుంగీ ఎగ్గట్టాడు.

"ఏది ఇడిసిందో దొరకబడుత. బండి మీద లాగుడు పడ్డప్పుడే కొడుతది. పడనియ్యి లాగుడు." తనే పోయి నాలుగు దుంగలు తెచ్చి చక్రాల ముందూ వెనకా పెట్టి సుత్తెతో బిగించాడు. అవి కదులుతాయని ఎవరికీ అనుమానం లేదు, దుంగ విషయంలో ముత్యాన్ని అనుమానించేవాడు అక్కడ లేడు. "తమ్మీ, నువ్వు లోపల కూసో. బ్రేకు తొక్కిపట్టు. గేరెయ్యి. క్లచ్చి సగం ఇడువు. ఇంజన్ లాగుతనే ఉండాలె, బండి పోవద్దు. బిక్షం బావా, అందరిని ముందలికెల్లి జరుపు."

సామ్యేల్ ఎక్కి కూర్చున్నాడు. ఇంజన్ మూలిగింది. కారు ముక్కు కొంచెం పైకి లేచి, దుంగల మధ్య బిగపట్టుకుని నిలబడింది. డొబ్, డొబ్, డొబ్.

ముత్యం బాయిలో చేసినట్టే చేశాడు. ఎడమ అరచెయ్యి ఇనుము మీద ఆనించాడు. ముందు రేడియేటర్ పక్కన. ఏమీ లేదు, నీటి గలగల తప్ప. ఫ్యాను దగ్గర. లేదు. కుడిపక్క ఛాసీ మీద. సన్నటి వణుకు, అది ఎప్పుడూ ఉండేదే. గేరుబాక్సు దిక్కు చెయ్యి పోనిచ్చాడు. చప్పుడు దూరమైంది. మళ్లీ ముందుకు, ఎడమపక్కకు వచ్చి, పక్కకు ఒరిగి పడుకుని, ఇంజన్ కాలు ఛాసీ మీద ఆనే చోట అరచెయ్యి పెట్టాడు.

చెయ్యి ఎగిరింది.

పొర విడిచిన కప్పు కింద ఎట్లా తెలుస్తుందో అట్లాగే తెలిసింది. ఇంజన్ లాగినప్పుడల్లా ఎడమ కాలు వేలెడంత పైకి లేస్తోంది, మళ్లీ దిగి ఇనుము మీద ఇనుము గుద్దుతోంది. ముత్యానికి సంబరం పొంగింది. నోరు తెరవబోయాడు. అప్పుడు ఆ సందులో ఏముందో కంటపడింది.

చెక్కచీల. నల్లమద్ది చీల. తన చీల.

ఇంజన్ కాళ్ల కింద ఒక్కోచోట మందమైన రబ్బరు దిమ్మ ఉంటుంది. మెకానిక్కులు ఫౌండేషన్ అంటారు. పోయిన వానాకాలంలో ఎడమవైపు దిమ్మ చిరిగి ముక్కలైతే, ముత్యం దాన్ని గీకి పారేసి, పచ్చి నల్లమద్ది చీల ఒకటి చెక్కి ఆ సందులో దిగ్గొట్టాడు. కొట్టి, "ఇగ కదిలితే నా పేరు ముత్యం గాదు" అని కూడా అన్నాడు. బాయిలో అతను ఎన్నడూ ఎండుకట్టె వాడలేదు. పచ్చిదే కొడతాడు. కింద ఎప్పుడూ నీటిచెమ్మ. ఆ చెమ్మకు చీల ఉబ్బి రోజురోజుకూ బిగుస్తుందే తప్ప వదులుకాదు. వానలున్నన్నాళ్లు ఇక్కడా అట్లాగే నిలబడింది. కానీ ఇది బాయి కాదు. ఇది రామగుండం ఎండ. ఆ ఎండ కింద మరిగే ఇంజన్, ఇంజన్‌కు ఆనుకుని చీల. ఎండి, పగిలి, కుంచించుకుపోయి, అప్పడంలా తేలిపోయింది.

పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, ఇందాక దుంగలు బిగించిన సుత్తె ఉంది.

ముత్యానికి తెలుసు. రెండు దెబ్బలు. చీల ఇంకో అంగుళం దిగుతుంది. చప్పుడు ఆగిపోతుంది. లేచి, మట్టి దులుపుకుని, "నట్టొకటి ఒదులైంది, బిగించిన" అంటే అడిగేవాడు లేడు. సామ్యేల్ లోపల కూర్చుని ఉన్నాడు. ఇవ్వాళ మొత్తం గుడిసెలన్నీ ముత్యం చెవి గురించి చెప్పుకుంటాయి. రేపు కూడా. ఆ తర్వాత ఒకరోజు, పూలమ్మ లోపల ఉండగా, చీల మళ్లీ వదులవుతుంది. మిట్ట మీదనో, మిట్ట దాటాకనో. ఇంజన్ కాలు గుద్ది గుద్ది ఛాసీ పగులుతుంది.

అతను చక్రం సందులోంచి గడప వైపు చూశాడు. పూలమ్మ పాదాలు కనిపించాయి. నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి.

"ఆపు!" అని అరిచాడు. ఇంజన్ ఆగింది. ముత్యం బయటికి దొర్లి లేచి నిలబడి, చేతిలోకి ఊడివచ్చిన చీలను నెత్తిమీదికి ఎత్తి పట్టుకున్నాడు. ఏదైనా గట్టిగా చెప్పడమే అలవాటు కదా, ఇదీ గట్టిగానే చెప్పాడు. "దొరికింది! చూడుండ్రి! గిది కొట్టింది నేను. వానకాలంల రబ్బరు చినిగితే ఆ జాగల కట్టె కొట్టిన. ఎండకు ఎండింది, ఇడిసింది. చప్పుడు గీ చీలదే. చేసింది నేనే."

 సమ్మవ్వ తుపుక్కున ఉమ్మి, "చెవి మంచిదే కొడుకా," అంది, "చెయ్యే జర చూసుకోవాలె!"

గుడిసెలన్నీ గొల్లుమన్నాయి. ముత్యానికి చెవులు కాలాయి. అయినా తల దించలేదు. "నవ్వుండ్రి. నవ్వినంక పనికి రాండ్రి."

సామ్యేల్ దిగి వచ్చి చీలను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గోటితో గీరితే పొడి రాలింది. "డాక్టరు అన్నవుగా, చెప్త ఇను," అన్నాడు, ఎకసెక్కెం లేకుండానే. "బాయిల కప్పు కదలొద్దు. నువ్వు కదలకుంట కొడతవు. ఇది ఇంజన్ అన్నా. ఇది కదలాలె. ఊగితేనే బతుకుతది. గందుకే రబ్బరు పెడతరు, ఊగనియ్యనీకి. నువ్వు దాన్ని గుంజకు కట్టేసినవ్. చీల ఇడువకపోతే ఛాసీ ఇరుగుతుండె. ఇడిసి మంచిపని చేసింది."

"ఇడిసి మంచిపని చేసిన చీల నా జిందగీల గిదొక్కటే," అన్నాడు ముత్యం. "సరే, రబ్బరు యాడున్నది?"

"అదే కదా. ఈ కారుకు ఈ ఇంజన్ ఎవడో ఇరికించిండు. దీని కొలత రబ్బరు ఏ దుకాణంల దొరుకుతది?"

 బిక్షం గబగబా తల్లి కూర్చున్న గడప దగ్గరికి పోయి, "లెవ్వు అవ్వా," అన్నాడు.

"ఎందుకురా?"

"లెవ్వుమంటే లెవ్వు."

సమ్మవ్వ లేచింది. ఆమె కూర్చున్నది బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు ముక్క మీద. తెగిపోయిన బెల్టును బాయి బయట పారేస్తే తెచ్చుకుని కాళ్లు తుడుచుకునే పట్టాగా వేసుకోని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. మందమైన నల్ల రబ్బరు, లోపల పొరలు పొరలుగా గట్టి గుడ్డ. బిక్షం దాన్ని దులిపి తెచ్చి సామ్యేల్ ముందు పడేశాడు. "ఇది రోజూ టన్నుల బొగ్గు మోసింది. ఇంజన్ కాలు మొయ్యదా?"

సామ్యేల్ దాన్ని వంచి చూశాడు, బొటనవేలితో నొక్కి చూశాడు. "మోస్తది," అన్నాడు. "నాలుగు పొరలేస్తే మస్తుగ మోస్తది."

"నా పట్టా!" అని మొత్తుకుంది సమ్మవ్వ. ఎవరూ వినలేదు.

అప్పుడు ఇద్దరూ కలిసి పనిలోకి దిగారు. ముత్యం ఇంజన్ కింద పలక పరిచి, దానికింద దుంగ నిలబెట్టి, ఇంజన్ బరువంతా దానిమీదికి వెంట్రుక వాసి తేడా లేకుండా ఎత్తిపట్టాడు. ఆ పని అతను చేసినంత నిమ్మళంగా జాకీ కూడా చెయ్యదు. సామ్యేల్ కమ్మకత్తితో బెల్టును కోసి పొరలు పేర్చాడు. పొయ్యిలో ఎర్రగా కాల్చిన చువ్వతో తూట్లు పొడిచాడు. కాలిన రబ్బరు కంపుకు పిల్లలు ముక్కులు మూసుకుని పరుగెత్తారు. బోల్టులు దించి బిగించారు. కుడివైపు రబ్బరు కూడా పగుళ్లిచ్చి ఉంటే దాన్నీ తీసేసి బెల్టే వేశారు. ముత్యం దుంగ తప్పించాడు. ఇంజన్ మెల్లగా కూర్చుంది, రబ్బరు కొద్దిగా కుంగింది, నిలబడింది.

"మిట్ట ఎక్కి చూడాలె," అన్నాడు బిక్షం. "ఇట్ల నిలబెట్టి చూస్తే నేను నమ్మ. నలుగురు కూసోండ్రి, బరువుండాలె. రైలుకట్ట ఎక్కి దిగి రాండ్రి."

"నేను కూసుంట," అంది పూలమ్మ.

పొద్దున్నుంచి ఆమె నోరు తెరవడం అదే మొదలు. అందరూ అటు తిరిగారు.

"నీకు పిచ్చి గిన లేసిందా?" అన్నాడు బిక్షం. "ముందు మేం చూసొస్తం. బాగుంటే అప్పుడు..."

"అప్పుడెప్పుడు? నొప్పులు లేసినంకనా? చప్పుడు అయితున్నదా లేదా అని అప్పుడు ఇనుకుంట కూసోవాల్నా నేను?" గోడ పట్టుకుని లేచింది. "మీరు ముగ్గురు పొద్దటిసంది చెవులు పెట్టి, చేతులు పెట్టి చూసిండ్రు. పోవాల్సింది నేను. నన్ను అడిగిండ్రా ఒక్కలన్న? బరువు కావాలంటివిగా. ఇద్దరి బరువున్నది నాకు."

సమ్మవ్వ అడ్డం పోబోయి, కోడలి మొహం చూసి ఆగిపోయింది. "ఐతే నేనొస్త," అంది. "నా పట్టా మీదనే పోతున్నరుగా."

ముందు సీట్లో పూలమ్మ. వెనక సమ్మవ్వ, బిక్షం, సామ్యేల్. ముత్యం స్టీరింగు పట్టుకుని స్టార్టు చేశాడు. కోళ్లు లేచాయి. గేరు వేసి క్లచ్చి వదిలాడు, చెవులు రిక్కించాడు. ట్రాక్టరు గొంతు అట్లాగే ఉంది, మొరటుగా, ఊరంతా వినేట్టు. అడుగున గుద్దు లేదు. వాగులో ఇసుక మీద లాగింది. లేదు. ఒడ్డు ఎక్కింది. లేదు. సామ్యేల్ వెనక నుంచి ముందుకు వంగి తల ఒకవైపు వాల్చి వింటున్నాడు. 

రైలుకట్ట మిట్ట వచ్చింది. ఎర్రమొరం తొవ్వ, రెండు పక్కలా బండ్ల చక్రాలు తిన్న గాడులు. ముత్యం గేరు తగ్గించి తొక్కాడు. ముక్కు పైకి లేచింది. ఇంజన్ బరువందుకుని గర్జించింది. సగం ఎక్కాక ఎద్దు కూలబడిన చోటు వచ్చింది. అక్కడ గుర్తేమీ లేదు, మొరం తప్ప. గుర్తు లేకపోయినా కారులో ఉన్న అందరికీ తెలుసు. బిక్షం కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ముత్యం కాలు తనకు తెలియకుండానే కొంచెం సడలింది. పూలమ్మ ఆగమంటుందేమో అనిపించింది.

"ఏందన్నా, మెల్లగైనవ్?" అంది పూలమ్మ. ఒక చెయ్యి కడుపు మీద, ఇంకో చెయ్యి తలుపు ఇనుము మీద ఆనించి ఉంది. "చప్పుడేం లేదు. ఆపకు. పో."

ముత్యం తొక్కాడు. దొర కారు కట్ట మీదికి ఎగబాకి, పట్టాలు దాటి, అవతలికి దిగింది. సామ్యేల్ వెనక్కి వాలి కూర్చుని, "ఇగ నన్నీడ దించుండ్రి, నాకు ఆకలైతున్నది," అన్నాడు. సమ్మవ్వ అతని వీపు మీద చరిచింది. "తిందువు తియ్యి. బిడ్డ పుట్టినంక కొయ్యాలనుకున్న కోడిని ఇయ్యాల్నే కోపిస్త."

కారు వెనక్కి తిరగాల్సింది అక్కడే. పూలమ్మ ఒప్పుకోలేదు. దవాఖాన దాకా పోవాల్సిందేనంది. మిట్ట ఒక్కటే తొవ్వ కాదు కదా అంది. పోయారు. బజారులో ఐతారం సంత మధ్యలోంచి, హారను కొట్టుకుంటూ, తిట్టించుకుంటూ పోయారు. ఎవరో "దొర కారొచ్చె, దొర కారొచ్చె" అని అరిచారు. ముత్యం కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

కాన్పుల వార్డు ముందు కారు ఆగేసరికి నర్సు సుగుణమణి మెట్లు దిగి పరుగెత్తుకు వచ్చింది. "నొప్పులెప్పుడు మొదలైనయి?"

"ఇంక మొదలుగాలె అక్కా," అంది పూలమ్మ.

"నీళ్లు గిన పోతున్నయా?"

"లేదు."

"మరి ఇంత ఎండల ఎందుకు తోలుకొచ్చిండ్రు?"

"ఇంజన్ చూసుకుందామని," అన్నాడు ముత్యం.

సుగుణమణి నడుం మీద చేతులు పెట్టుకుంది. ముత్యాన్ని చూసింది, చేతుల నిండా నూనె మరకలతో ఉన్న సామ్యేల్‌ను చూసింది. "ఇది దవాఖాననా, లారీ షెడ్డా?" అని కసిరి, "వచ్చినవుగా, లోపలికి రా, చూస్త," అని పూలమ్మను రెక్క పట్టుకుని తీసుకుపోయింది. సమ్మవ్వ వెనకాలే పోయింది.

మగవాళ్లు ముగ్గురూ కారు నీడలో గొంతుక్కూర్చున్నారు. సామ్యేల్ బీడీ ముట్టించి బిక్షానికి ఒకటి, ముత్యానికి ఒకటి ఇచ్చాడు. ఎవరూ చీల మాట ఎత్తలేదు. ఎత్తితే ఎత్తనీ అనుకున్నాడు ముత్యం, వచ్చే ఏడాది దాకా ఎత్తుతారు, బాయి దిగితే అక్కడా ఎత్తుతారు. ఎత్తనీ. రేపు డ్యూటీ దిగాక ఇంజన్ కింద దూరి ఆ బోల్టులు మళ్లీ చూడాలి. కొత్త రబ్బరు కుదురుకుంటే ఒక చుట్టు సడలుతాయి, సామ్యేల్ చెప్పాడు.

కాసేపటికి సుగుణమణి గుమ్మంలోకి వచ్చింది. "బిడ్డ మంచిగున్నది. తల కిందికి తిరిగింది. ఈ నాలుగైదు రోజులల్లనే. నొప్పులు మొదలుగాంగనే తెండ్రి, ఇంటికాడ ఆలోచన చేసుకుంట కూసోకుండ్రి." ఆగి, బిక్షం వైపు చూసింది. పోయినసారి సంగతి ఆమెకూ తెలుసు. "అప్పటికి నమ్మకంగల్ల బండి గిండి ఏమన్న చూసుకున్నరా?"

ముత్యం నోరు తెరిచేలోపలే బిక్షం లేచి నిలబడ్డాడు.

"కారున్నది," అన్నాడు.